జీతం పెంచబోయేవారికి మనోధైర్య శిబిరం

జీతాలు పెరిగే ప్రతి దేశంలోనూ ముందుగా ఓదార్చవలసింది జీతం ఇచ్చేవాడిని. పుచ్చుకునేవాడికి ఓదార్పు అక్కర్లేదు. అతను చాలా ఏళ్లుగా సిద్ధంగానే ఉన్నాడు. ఈ సత్యాన్ని కైరోలో అధికారికంగా గుర్తించి, దానికొక ముద్ర చేయించి, ఒక భవనం మూడో అంతస్తులో నాలుగు గదులు అద్దెకు తీసుకుని "యజమానుల సంసిద్ధతా కేంద్రం" అని బోర్డు పెట్టారు. కనీస వేతనం నెలకు ఏడు వేల పౌండ్లు కాబోతున్నదనీ, ఆ వార్త హఠాత్తుగా చెవిన పడితే యజమానుల ప్రాణానికే ముప్పు రావచ్చుననీ, కాబట్టి పదిమందికి మించి పనివాళ్లున్న ప్రతి యజమానీ మూడు రోజుల మనోధైర్య శిబిరానికి స్వయంగా హాజరు కావాలనీ కేంద్రం తన మొదటి ఉత్తర్వులో ఆదేశించింది. (కేంద్రంలోని ముగ్గురు గుమాస్తాల జీతం నెలకు నాలుగు వేల ఎనిమిది వందలు. వాళ్లు తాత్కాలికులు కనుక కనీస వేతనం వాళ్లకు వర్తించదు. ఆ ఉత్తర్వు టైపు చేసింది వాళ్లే.)

ఉత్తర్వు షుబ్రా అల్ ఖైమాలోని బయూమీ బట్టల క్లిప్పుల కర్మాగారానికి ఒక ఆదివారం ఉదయం చేరింది. యజమాని హాజీ బయూమీకి ప్రభుత్వపు డేగ ముద్ర ఉన్న కాగితం కంటపడితే తుంటి నొప్పి వస్తుంది. అది దొంగ నొప్పి కాదు. ఇద్దరు డాక్టర్లు పరీక్షించి నిజమైనదేనని తేల్చారు. పన్నుల కాగితమైతే ఎడమ తుంటి, కార్మికశాఖ కాగితమైతే కుడి తుంటి. ఆ ఉదయం హాజీ కుడి కాలు స్టూలు మీద చాపుకుని ఫిక్రీని పిలిపించాడు.

ఫిక్రీ అబ్దుష్షాఫీ ఆ కర్మాగారంలో సిబ్బంది వ్యవహారాలు చూసే గుమాస్తా. అందరూ ఉస్తాద్ అంటారు. (ఇస్త్రీ చొక్కా వేసుకుని కాగితాలు చూసే ప్రతివాడూ ఇక్కడ ఉస్తాదే, దానికీ జీతానికీ సంబంధం లేదు.) ఇరవై రెండేళ్లుగా హాజరు పట్టీ, సెలవులు, కోతలు, సంజాయిషీ నోటీసులు అన్నీ అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి. జీతం నాలుగు వేల ఆరు వందలు. యాభై ఒకటో ఏడు. పెళ్లి కాలేదు. మూడేళ్ల కిందట పై వరసలో ముందు పళ్లు మూడు పోయాయి. అప్పటినుంచి అతను నవ్వడం మానేశాడు. పెదవులు ఎక్కువ విప్పకుండా తక్కువ మాట్లాడతాడు. దాన్ని లోకం గాంభీర్యమనుకుంది. కొంతకాలానికి అతనూ అలాగే అనుకున్నాడు. కానీ కనీస వేతనం వార్త పత్రికలో చూసిన రోజు సాయంత్రమే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, కొత్త జీతం వచ్చే నెల ఐదో తారీఖున మొదటి వాయిదా కట్టి పళ్లు పెట్టించుకుంటానని మాట ఇచ్చి వచ్చాడు. డాక్టరు నోటి కొలతలు కూడా తీసుకున్నాడు.

"ఫిక్రీ, ఈ మూడు రోజులూ నువ్వే నేను" అన్నాడు హాజీ.

"యజమాని స్వయంగా రావాలని ఉంది హాజీ."

"నువ్వెళ్తే నువ్వు స్వయంగా వెళ్లినట్టే కదా? ఇంకెవరో వెళ్లినట్టా?"

"మరి సంతకం?"

"నీదే పెట్టు. ఇరవై రెండేళ్లుగా నా సంతకం ఎవడు పెడుతున్నాడు, మా తాతా?"

"పేరడిగితే?"

"నీ పేరే చెప్పు. ఖబడ్దార్, అబద్ధమాడావంటే ఊరుకోను. హజ్ చేసొచ్చిన మనిషిని, నీ పాపం నా నెత్తికి చుట్టకు." హాజీ కాలు కొంచెం సర్దుకున్నాడు. "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. వాళ్లేం చెప్పినా బాధపడు. బాధపడకుండా కూర్చుంటే మన దగ్గర డబ్బుందనుకుంటారు."

శిబిరం దుక్కీ పేటలోని ఒక హోటల్లో, పెళ్లిళ్ల హాలులో జరిగింది. వధూవరుల కుర్చీలు తీయడం మరిచిపోయారు కనుక ప్రారంభోపన్యాసం చేసిన అధికారి వాటిలో ఒకదానిలో కూర్చున్నాడు. రెండోది ఖాళీగా ఉంది. శిక్షకుడు డాక్టర్ నజీహ్, ఆర్థిక మనస్తత్వ నిపుణుడు. జీతం పెంచవలసి వచ్చిన మనిషి మనసు నాలుగు దశలు దాటుతుందని ఆయన బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. మొదటి దశ, వినడం. రెండో దశ, విననట్టు ఉండటం. మూడో దశ, కార్మికశాఖలో దూరపు బంధువు ఎవరైనా ఉన్నారేమోనని వెతకడం. నాలుగో దశ, ఒప్పుకోవడం. (నాలుగో దశకు చేరిన యజమానిని డాక్టర్ నజీహ్ స్వయంగా చూడలేదు. పుస్తకాల్లో చదివాడు.)

పరిచయాలు మొదలయ్యాయి. ఐదు రొట్టెల బట్టీల యజమాని ముఅల్లిమ్ దుసూకీ లేచి, తన దగ్గర డెబ్భైమంది ఉన్నారని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. కుట్టుపని కార్ఖానా నడిపే మదామ్ షహీరా తన దగ్గర ముప్పైమంది ఆడపిల్లలు ఉన్నారనీ, అందరూ తన బిడ్డల్లాంటివాళ్లనీ, బిడ్డలకు జీతమేమిటో తనకు అర్థం కావడంలేదనీ అంది. ఫిక్రీ వంతు వచ్చింది.

"ఫిక్రీ అబ్దుష్షాఫీ. బయూమీ క్లిప్పులు. మా దగ్గర నలభై ఒక్కమంది ఉన్నారు."

ఆ సంఖ్యకు అతను ఆలోచించుకోనక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఉదయం గేటు పక్కన నిలబడి, లోపలికి వెళ్లే తలలు లెక్కపెట్టేది అతనే. చెప్పి, పెదవులు బిగించి, కూర్చున్నాడు. ఆ బిగింపు హాలంతా చూసింది.

"ఎంత దిగమింగుకుంటున్నాడో పాపం, చూడు" అన్నాడు ముఅల్లిమ్ దుసూకీ పక్కవాడితో.

తరవాత సాధన. అందరూ కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఏడు వేలు" అని మెల్లగా పైకి అనాలి. కొందరు "ఆరు" దగ్గరే ఆగిపోయారు. దుసూకీ మూడుసార్లు ప్రయత్నించి, నీళ్లు తాగి, రేపంటానన్నాడు. ఫిక్రీ మాత్రం అన్నాడు. అన్నాక గుండె గట్టిగా కొట్టుకుంది. ఇది సంతోషమే అనుకున్నాడు మొదట, పుచ్చుకోబోయేవాడి సంతోషం. కానీ అరచేతి కింద ఆ దడ సంతోషంలా లేదు. నలభై ఒకటిని ఏడు వేలతో గుణించి చూసుకుంటున్నవాడి దడలా ఉంది. అతను చాలాకాలం ఒంటరిగా గడిపిన మనిషి. తన లోపలి చప్పుళ్లన్నీ తనకు తెలుసనుకునేవాడు. ఇది ఎవరి గుండె చప్పుడో తేల్చుకోలేక కళ్లు తెరిచేశాడు.

"అద్భుతం! ఫిక్రీ బేలో నాలుగో దశ లక్షణాలు కనిపిస్తున్నాయి" అన్నాడు డాక్టర్ నజీహ్. (బే అనేది డబ్బున్న పెద్దమనుషులకు తగిలించే మాట.)

భోజనాల దగ్గర మదామ్ షహీరా తన పళ్లెంలోని కోఫ్తా ముక్కలు రెండు తీసి అతని పళ్లెంలో వేసింది.

"తినండి ఫిక్రీ బే. ఏమిటలా చూస్తారు? నలభై ఒక్కమందిని మోస్తున్నారు, ఒంట్లో సత్తువ ఉండొద్దూ?"

అతను తల వంచుకుని మెత్తటి ముక్క చూసి, వెనక పళ్లతో మెల్లగా నమిలాడు. నువ్వు మోస్తున్నావు అని ఎవరూ అతనితో ఇంతవరకు అనలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ. కంట్లో నీళ్లు తిరిగాయి. హాజీ బాధపడమన్నాడు కాబట్టి బాధపడుతున్నాననుకుని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

రెండో రోజు పాఠం "నగదు కాని మేళ్లు".

"తేనీరు, బస్సు, ఏప్రను, రమజానులో ఇచ్చే బియ్యం నూనె సంచీ, ఇలాంటివాటికి ఖరీదు కట్టి జీతంలో కలిపి ఏడు వేలు చూపించడం చట్టవిరుద్ధం" అన్నాడు డాక్టర్ నజీహ్ గంభీరంగా. "కాబట్టి ఎలా కలపకూడదో ఈ పూట పట్టికలతో సహా వివరంగా నేర్చుకుందాం."

అందరూ పుస్తకాలు తెరిచారు. కేంద్రం అచ్చువేసిన తొమ్మిదో నంబరు ఫారం పంచారు. అందులో ముప్పై మూడు గళ్లున్నాయి. ముప్పై మూడోది "ఇతరములు". ఆ గడి దగ్గర హాలంతా ఆలోచనలో పడింది. అప్పుడు ఫిక్రీ చెయ్యెత్తాడు. ఎందుకెత్తాడో అతనికే తెలియదు. చదువుకునే రోజుల్లో జవాబు తెలిసిన పిల్లవాడి చెయ్యి లేచినట్టు లేచింది.

"పనివాళ్లింట్లో ఎవరైనా పోతే యజమాని పరామర్శకు వెళ్తాడు. గంటో గంటంబావో కూర్చుంటాడు. యజమాని గంటకు విలువ ఉంటుంది. అది ఏ గడిలో రాయకూడదో మీరు చెప్పలేదు."

చప్పట్లు మోగాయి. ముఅల్లిమ్ దుసూకీ లేచి వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు.

"ఇరవై ఏళ్లుగా ఎన్ని చావులకెళ్లాను బాబూ! ఒక్కటి రాసిపెట్టుకోలేదు."

మూడో రోజు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనట్టు అతనికి యోగ్యతాపత్రం ఇచ్చారు. స్వయంగా హాజరై సిద్ధపడిన యజమానుల రిజిస్టరులో అతని పేరు ఆకుపచ్చ సిరాతో రాశారు.

మర్నాడు గేటు దగ్గర సిత్త్ ఇన్సాఫ్ అతని కోసం కాచుకుని ఉంది. స్ప్రింగులు బిగించే వరసకు ఆమె పెద్ద. పంతొమ్మిదేళ్లుగా రోజుకు నాలుగు వేల క్లిప్పులకు స్ప్రింగులు ఎక్కించి ఎక్కించి ఆమె బొటనవేళ్లు వెనక్కి వంగిపోయాయి. భయమంటే తెలియని మనిషి.

"ఏం ఉస్తాద్, ఏమన్నారు పెద్దోళ్లు? మనకొస్తుందా, లేదా?"

"చట్టప్రకారం రావలసింది వస్తుంది."

"అబ్బో! మూడ్రోజులు హోటల్లో కోఫ్తా తినేసరికి మాట తీరే మారిపోయిందే! చట్టప్రకారం ఏమొస్తుంది? నోట్లా, నీతులా?"

"నగదు ఒక్కటే జీతం కాదు సిత్త్ ఇన్సాఫ్. మీరు పొందుతున్నవి చాలా ఉన్నాయి. మీకు తెలియక..."

"మీకు, మీకు అంటావేంటి? నువ్వేం పొందుతున్నావో అది చెప్పు ముందు."

అతను తలలు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లాడు.

తొమ్మిదో నంబరు ఫారం నింపడానికి అతనికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ జీవితంలో ఎప్పుడూ లేనంత సుఖంగా గడిచాయి. చిన్నచిన్న విషయాలు గుర్తుపెట్టుకోవడమే అతని బతుకంతా. ఇప్పుడు ఆ విషయాలన్నిటికీ ఒక్కొక్క గడి దొరికింది. తేనీరు, అందులో రెండో చెంచా చక్కెర. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు హాజీ ఇచ్చిన కుర్చీ. వర్క్‌షాపులో మోగే రేడియో, వార్తలు మినహాయించి. హాజీ మక్కాలో వాళ్ల పేరు పేరునా అల్లాహ్‌ను వేడుకుంటూ చేసిన దుఆ, విమాన ఖర్చును తలలతో భాగించగా వచ్చినది. పట్టిక పూర్తయ్యేసరికి నలభై ఒక్కమందికీ ఏడు వేలు దాటింది. అంటే వాళ్లు ఇన్నాళ్లుగా ఎక్కువే పుచ్చుకుంటున్నారు. సిత్త్ ఇన్సాఫ్ లెక్క ఏడు వేల రెండు వందల పన్నెండు దగ్గర ఆగింది. ఎక్కువ వచ్చిన రెండు వందల పన్నెండు నెలనెలా ఆమె జీతంలోంచి తిరిగి రాబట్టవలసి ఉంటుందని అతను అడుగున నోటు రాశాడు. రాస్తున్నప్పుడు ఆమె మీద కోపం లేదు. కూడిక తేలినప్పుడు కలిగే తృప్తి మాత్రమే ఉంది.

నిబంధన ప్రకారం ఎవరి లెక్క వాళ్లకు చూపించి సంతకం తీసుకోవాలి. ఇన్సాఫ్ కాగితం దూరంగా పట్టుకుని చదివింది.

"ఫ్యాను గాలికి నెలకు నూట తొంభయ్యా?"

"వేసవి నెలల్లోనే."

"మరి చలికాలంలోనూ నూట తొంభై ఉందే?"

"అది ఫ్యాను ఆపినందుకు. వెచ్చదనం కింద."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని వెతికింది. అక్కడ వెక్కిరింత లేదు.

"ఇదేంటి, మా ఆయన పోయినప్పుడు హాజీ వచ్చి కూర్చున్నది కూడా రాశావా?"

"గంటంబావు కూర్చున్నారు. నేనూ వచ్చాను కదా, గడియారం చూశాను."

"ఆ గంటంబావులో నా కాఫీ తాగాడు. రెండు కప్పులు. అది తీసెయ్యి మరి."

ఫిక్రీ ఆలోచించాడు. న్యాయంగానే తోచింది. రెండు కాఫీల కింద పద్దెనిమిది పౌండ్లు కొట్టేసి, ఆమె బాకీని నూట తొంభై నాలుగుకు దించాడు. అతను అన్యాయస్థుడు కాడు.

"ఏ తల్లి కన్నదయ్యా నిన్ను" అంటూ ఇన్సాఫ్ సంతకం పెట్టింది. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

హాజీ ఫారం చూసి తొడ చరుచుకున్నాడు. "ఇంత మేలు చేశానా నేను! నాకే తెలీదే!" ఆ రోజంతా ఆయన కర్మాగారంలో తిరుగుతూ పనివాళ్లను జాలిగా చూశాడు, తన దానం మీద బతుకుతున్నవాళ్లను చూసినట్టు. ఫారం కేంద్రానికి వెళ్లింది. కేంద్రం దాన్ని మెచ్చుకుని, ఒక ప్రతి సామాజిక బీమా కార్యాలయానికి పంపింది. బీమా కార్యాలయం నుంచి తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. (తొమ్మిది రోజుల్లో జవాబు రావడం ఆ కార్యాలయం చరిత్రలో ఇది మొదటిసారి. ఆ గుమాస్తాను తరవాత బదిలీ చేశారు.)

జవాబు మర్యాదగా ఉంది. సదరు కర్మాగారం తన పనివాళ్లకు నెలకు ఏడు వేలకు పైగా జీతం చాలా ఏళ్లుగా ముట్టచెబుతున్నట్టు స్వయంగా ఒప్పుకున్నందుకు కార్యాలయం సంతోషిస్తున్నది. ఆ మొత్తం మీద కట్టవలసిన బీమా ఇంతవరకు కట్టలేదు కనుక గాలి, వెచ్చదనం, రేడియో, దుఆ, పరామర్శలు అన్నిటి మీదా ఇన్నేళ్ల బకాయి, దాని మీద జరిమానా నెల లోపల చెల్లించాలి.

ఈసారి హాజీకి రెండు తుంట్లూ పట్టేశాయి. ఖజాంచీని పిలిచి రెండు లెక్కలూ వేయించాడు. బకాయి కట్టడం కన్నా అందరికీ ఏడు వేలు నగదుగా ఇచ్చెయ్యడమే చవకని తేలింది.

"ఇచ్చెయ్! ఏడు వేలూ ఇచ్చెయ్!" అని అరిచాడు. "రాయి ఫిక్రీ, రాయి. ఆ ఫారం వెనక్కి తీసుకుంటున్నామని రాయి. ఫ్యాను లేదు. రేడియో లేదు. మక్కాలో నేనెవరి పేరూ తలుచుకోలేదు. ఈ బయూమీ ఇంతవరకు ఎవరికీ ఏ మేలూ చెయ్యలేదని రాయి!"

"పరామర్శలు, హాజీ?"

"అటువైపు పోతూ దారి తప్పి వెళ్లానని రాయి!"

ఫిక్రీ ప్రమాణపత్రం రాశాడు. అల్లాహ్ సాక్షిగా తాను ఏ పనివాడికీ ఏనాడూ ఏ ఉపకారమూ చేసి ఎరుగనని హాజీ బయూమీ ఇద్దరు సాక్షుల ముందు ఒట్టేశాడు. కర్మాగారం పుట్టాక బయటికి వెళ్లిన కాగితాల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే. దానికి జతగా, కొత్త జీతానికి అర్హులైన పనివాళ్ల జాబితాను ఫిక్రీ తన గుండ్రని దస్తూరీతో రాసి, అడుగున "మొత్తం నలభై ఒక్కరు" అని రెండు గీతలు గీశాడు.

జీతాల రోజు మధ్యాహ్నం వర్క్‌షాపులో ఆడవాళ్లు ఆనందంతో నాలుక ఆడిస్తూ పెట్టిన కేకలకు మెషిన్ల చప్పుడు వినిపించలేదు. ఇన్సాఫ్ పళ్లెం నిండా బస్బూసా మిఠాయి తెచ్చి అందరికీ పంచింది.

"తిను ఉస్తాద్! నువ్వు మాకు ఒక్క మిల్లీము కూడా దక్కకుండా చెయ్యాలని చూశావు కాబట్టి గాని, లేకపోతే ఇంత వచ్చేదా మాకు? నీ చెయ్యి చల్లగుండ!"

అతను మిఠాయి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఖజాంచీ ఇచ్చిన కవరు విప్పాడు. నాలుగు వేల ఆరు వందలు. మళ్లీ లెక్కపెట్టాడు. వెంటనే హాజీ గదికి వెళ్లాడు.

"హాజీ, నా కవరులో పాత జీతమే ఉంది."

"నీది అంతే కదా."

"చట్టం..."

"చట్టం పనివాళ్లకయ్యా. జాబితా ఎవరు రాశారు? నువ్వు. నలభై ఒకటి అని ఎవరన్నారు? నువ్వు. శిబిరంలో అన్నావు, ఫారంలో అన్నావు, ఒట్టు కాగితానికి గుచ్చిన జాబితాలో అన్నావు. నేనొక్క పేరు కొట్టేశానా? చూసుకో."

హాజీ జాబితా నకలు ముందుకు తోశాడు. ఫిక్రీ పై నుంచి కిందికి చూశాడు. మళ్లీ కింది నుంచి పైకి చూశాడు. పేర్లన్నీ ఉన్నాయి. అతని పేరు లేదు.

మరిచిపోయాననడానికి లేదు. మరిచిపోవాలంటే ఒకప్పుడు గుర్తుండాలి. ఇరవై రెండేళ్లుగా గేటు పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. లెక్కపెట్టే వేలు అందరి వైపూ తిరిగింది గాని తన వైపు ఒక్కసారీ తిరగలేదు. ఇదీ పూర్తి నిజం కాదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. అడుగున రెండు గీతలు గీస్తున్నప్పుడు ఏదో తక్కువైనట్టు కలం ఒక్క లిప్త ఆగింది. ఆ ఆగిన చోట, స్ప్రింగుల వరస కింద, నలభై రెండోవాడిగా తన పేరు రాసుకోవడం ఎందుకో చిన్నతనంగా అనిపించింది. గీతలు గీసేశాడు.

సంగతి విని ఇన్సాఫ్ మండిపడింది.

"కంప్లైంటు పెట్టు ఉస్తాద్! మేమందరం వచ్చి సాక్ష్యం చెప్తాం."

"ఏమని చెప్తారు?"

"నువ్వూ మాలాంటోడివేనని."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. థాంక్స్ చెప్పి, సాక్షులు అక్కర్లేదన్నాడు.

వేతన ఫిర్యాదుల కిటికీ కూడా సంసిద్ధతా కేంద్రం ఉన్న ఆ మూడో అంతస్తులోనే ఉంది. కిటికీ వెనక ఒకావిడ తల ఎత్తకుండా అడిగింది.

"యజమాని పేరు?"

"హాజీ బయూమీ."

ఆమె రిజిస్టరు తిరగేసింది. "బయూమీ క్లిప్పులు. స్వయంగా హాజరైన యజమాని, ఫిక్రీ అబ్దుష్షాఫీ. ప్రథమ శ్రేణి."

"అది నేనే. కానీ యజమాని హాజీ."

"హాజీ శిబిరానికి రాలేదు. అంటే ఆయన ఇంకా సిద్ధపడలేదు. సిద్ధపడని యజమాని మీద ఫిర్యాదు తీసుకోకూడదు, పద్నాలుగో నిబంధన. మనిషి తట్టుకోలేడు. సిద్ధపడినవాడి మీదైతే తీసుకుంటాను. ఫిర్యాదు చేసేవాడి పేరు?"

"ఫిక్రీ అబ్దుష్షాఫీ."

ఆమె మొదటిసారి తల ఎత్తింది. "బంధువులా?"

పదిహేను రోజులకు రాజీ సమావేశానికి పిలుపు వచ్చింది. వాదికొకటి, ప్రతివాదికొకటి, రెండు పిలుపులు వచ్చాయి. రెండిటికీ అతనే సంతకం పెట్టి తీసుకున్నాడు. రాజీ అధికారి ఉస్తాద్ లమ్ఈ మంచి మనిషి, పదవీ విరమణకు దగ్గరపడ్డవాడు. బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేయించాడు.

"ముందు ఏ కుర్చీలో కూర్చుంటావు నాయనా?"

"పనివాడి కుర్చీలో అండి."

"కూర్చో. చెప్పుకో, భయపడకు. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు."

ఫిక్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు. ఇరవై రెండేళ్ల నౌకరీ. ఒక్క రోజు ఆలస్యం లేదు. తన పేరు జాబితాలో లేదు. పళ్ల డాక్టరుకు ఇచ్చిన గడువు దాటిపోయింది. ఆయన కొలతలు పారేస్తానంటున్నాడు. తనకు రావలసింది దానం కాదు, చట్టం. బాగానే చెప్పాడు. అధికారి అంతా రాసుకుని నిట్టూర్చాడు.

"న్యాయమే. మరి యజమాని ఏమంటాడు?"

ఫిక్రీ లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే వీపు నిటారుగా అయింది. పెదవులు బిగుసుకున్నాయి. ఏమీ లేదని చెప్పి లేచిపోదామనే అనుకున్నాడు. కానీ గుండెలో శిబిరంలో మొదలైన ఆ దడ మళ్లీ మొదలైంది. మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఉస్తాద్ లమ్ఈ, నన్ను రాక్షసుణ్ణి అనుకోకండి. ప్లాస్టిక్ గింజల ధర ఎంతయిందో తెలుసా మీకు? అంతా డాలర్లలో. కరెంటు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. చైనా క్లిప్పులు డజను కొంటే అరడజను ఊరికే ఇస్తున్నారు. నలభై ఒక్కమందిని మోస్తున్నాను నేను. ఒకడికి పళ్లు, ఒకడికి పిల్లల ఫీజు, ఒకావిడకి మోకాళ్లు. ఒక్కొక్కరి నోరూ తెరిచి చూస్తూ కూర్చుంటే కర్మాగారం నడుస్తుందా? వీణ్ణి నా మనిషి అనుకున్నాను. ఇరవై రెండేళ్లు నా సంతకం పెట్టనిచ్చాను. చివరికి నా మీదే ఫిర్యాదు!"

లమ్ఈ తన గ్లాసులోని నీళ్లు అతనికి ఇచ్చాడు. తన ముప్పై ఐదేళ్ల ఉద్యోగంలో యజమాని బాధను ఇంత నిజాయితీగా చెప్పుకున్నవాణ్ణి చూడలేదన్నాడు. తరవాత మెత్తగా, ఖాళీగా ఉన్న కుర్చీ వైపు తిరిగి, "దీనికి నీ జవాబేమిటి నాయనా?" అని అడిగాడు.

ఫిక్రీ మళ్లీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఆలోచించాడు. ఎంత వెతికినా జవాబు దొరకలేదు. పైగా తల ఎత్తి ఎదుటి కుర్చీ వైపు చూడ్డానికి సిగ్గేసింది.

సమావేశం పత్రం ఆ మధ్యాహ్నమే ముద్రలతో సహా తయారైంది. వాది హాజరు. ప్రతివాది హాజరు. చర్చలు స్నేహపూర్వకంగా సాగాయి. యజమాని కష్టాలు విన్న మీదట కార్మికుడు తన ఫిర్యాదును స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నాడు. యజమాని అతన్ని క్షమించాడు.